పాంబన్ వంతెన: రంగు చేరని చోట మొదలైన తుప్పు

2022 డిసెంబర్ 23న తమిళనాడులో రామేశ్వరం దీవికి వెళ్లే పాంబన్ రైలు వంతెన మీద రాకపోకలు నిలిపివేశారు. ఆ పాత వంతెన మీద మళ్లీ ప్రయాణికుల రైలు నడవలేదు. కారణం ఓడలకు దారి ఇచ్చే మధ్యభాగం, అంటే షెర్జర్ స్పాన్, తుప్పుతో బాగా దెబ్బతినడం. 1914 ఫిబ్రవరి 24న ప్రారంభమైన ఈ వంతెన 1964 డిసెంబర్ తుఫానుకు ధ్వంసమై 46 రోజుల్లో మళ్లీ లేచి నిలబడింది. మీటర్ గేజ్ కోసం కట్టినది 2007లో బ్రాడ్ గేజ్‌కి మారింది. తుఫాను కొట్టిన దెబ్బను 46 రోజుల్లో సరిచేశారు, తుప్పు మాత్రం దాన్ని శాశ్వతంగా పక్కన పెట్టించింది. దాని పక్కనే కట్టిన కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న మొదలైంది.

సముద్రపు ఒడ్డున ఉక్కుతో పనిచేసే ఎవరికైనా ఈ రెండు వంతెనలూ కలిపి చూడదగ్గ కేసు. కాకినాడ, కృష్ణపట్నం, గంగవరం రేవుల్లో కన్వేయర్ గ్యాలరీలు చూసుకునేవాళ్లకీ, గల్ఫ్ రిఫైనరీల్లో పైప్ ర్యాకులకు పెయింటింగ్ చేయించే మనవాళ్లకీ ఇక్కడి లెక్కలు చాలావరకు అలాగే పనికొస్తాయి. నేను గట్టిగా నమ్మే మాట ఒకటే: ఇలాంటి చోట ఉక్కు చెడేది రంగు పలచబడినందుకు కాదు. రంగు చేరని సందుల్లో, రంగు కింద మిగిలిపోయిన ఉప్పు దగ్గర చెడుతుంది. బడ్జెట్ మాత్రం ఎప్పుడూ రంగు డబ్బాల మీదే పోతుంది.

ఆ గాలి సంగతి

రామేశ్వరం ఉన్న పాంబన్ దీవికీ, ప్రధాన భూభాగం ఒడ్డున ఉన్న మండపం ఊరికీ మధ్య ఉన్న జలసంధి మీద ఈ వంతెన ఉంది. ఉత్తరాన పాక్ అఖాతం, దక్షిణాన మన్నార్ సింధుశాఖ. నైరుతి రుతుపవనాల్లో గాలి ఒకవైపు నుంచి, ఈశాన్య రుతుపవనాల్లో ఇంకోవైపు నుంచి వీస్తుంది. రెండు వైపులా ఉప్పునీళ్లే. విశాఖ బీచ్ రోడ్డులో ఒక భవనానికి సముద్రం వైపు గోడ, ఊరి వైపు గోడ అని తేడా ఉంటుంది. ఇక్కడ ఆ తేడా లేదు, ఏ ముఖానికీ ఏడాదిలో విశ్రాంతి దొరకదు. ఈ తీరపు తీవ్రత వల్లే కారైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ లోహాల నమూనాలను గాలికి వదిలి పరీక్షించడానికి మండపాన్ని ఎంచుకుంది.

సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పులు ఉంటాయి. అందులో 19 గ్రాముల దాకా క్లోరైడే. అలలు విరిగి ఎగిరిన తుంపర ఆరిపోయి సన్నని ఉప్పు కణాలుగా ఉక్కు మీద దిగుతుంది. వంటింటి ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటాకే నీరు కారుతుంది. కానీ సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంది. అది 33 శాతం తేమ దగ్గరే గాలిలోంచి నీటిని లాగేస్తుంది. రామేశ్వరం పరిసరాల్లో తేమ అంత కిందికి దిగే రోజులు అరుదు. అంటే మిట్టమధ్యాహ్నం ఎండలో చేతికి పొడిగా తగిలే గర్డర్ (ఉక్కు దూలం) మీద కూడా ఉప్పు పొర కింద కంటికి కనపడని తడి ఉంటుంది. దానికి వేడి తోడైతే రసాయన చర్య ఇంకా వేగం పుంజుకుంటుంది. తుప్పుకి కావలసిన నీరు, ఆక్సిజన్, క్లోరైడ్ మూడూ ఏడాది పొడవునా సిద్ధంగా ఉన్నట్టే.

ఐఎస్ఓ 9223 ప్రమాణం వాతావరణాలను తుప్పు వేగాన్ని బట్టి వర్గాలుగా విడదీస్తుంది. సీ5 వర్గంలో రంగు లేని మామూలు ఉక్కు మొదటి ఏడాది 80 నుంచి 200 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) అరుగుతుంది, సీఎక్స్ వర్గంలో 200 నుంచి 700. సీఎక్స్ కింది అంకె 200 తీసుకున్నా 10 మి.మీ. ప్లేటుకి రెండు ముఖాలూ తెరిచి ఉంటే, అదే వేగం కొనసాగితే, పదేళ్లలో 4 మి.మీ. పోతుంది. తుప్పు పొర గట్టిపడ్డాక వేగం తగ్గుతుందని పుస్తకాలు చెబుతాయి. లోతట్టు ప్రాంతాల్లో అది నిజమే. ఉప్పు పట్టిన తుప్పు పొలుసులుగా ఊడిపోతూ ఉంటుంది కాబట్టి ఇక్కడ ఆ ఊరటను లెక్కలో వేసుకోకూడదు.

చాలామంది గమనించనిది ఇంకొకటి ఉంది. వాన పడే పైముఖం కన్నా వాన తగలని కిందిముఖాన్ని తుప్పు త్వరగా తింటుంది. వాన ఉప్పుని కడిగేస్తుంది, గర్డర్ కింది ఫ్లాంజ్ (అడ్డంగా ఉండే పలక) అడుగుభాగాన్ని కడిగేవాళ్లు లేరు. ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసేవాళ్లకి పైన బాగున్న వంతెనే కనిపిస్తుంది. తనిఖీ నిచ్చెన ఎప్పుడూ అడుగునుంచే మొదలవ్వాలి.

పాత వంతెన: ఎక్కడెక్కడ, ఎందుకు

పాతదానిలో సుమారు 12 మీటర్ల గర్డర్లు 145, మధ్యలో రెండు రెక్కలుగా పైకి లేచే షెర్జర్ స్పాన్. అంతా రివెట్ల కాలపు కట్టడం. రివెట్ కట్టడంలో ప్లేటు మీద ప్లేటు, దాని మీద యాంగిల్, మళ్లీ కవర్ ప్లేటు ఉంటాయి. రెండు ప్లేట్లు కలిసే ప్రతి గీతా ఒక సందు. బ్రష్ ఆ సందు అంచు దాకానే వెళ్తుంది. ఉప్పునీరు మాత్రం లోపలికి పీల్చుకుపోతుంది. లోపల ఆక్సిజన్ తక్కువ, బయట ఎక్కువ. ఈ తేడాతోనే లోపలి ఉక్కు ఆనోడ్, అంటే కరిగిపోయే ధ్రువం, అవుతుంది. క్లోరైడ్ లోపలికి చేరి, ఇనుముతో కలిసి ఆమ్లం పుట్టించి, తుప్పుని ఇంకా ఎగదోస్తుంది.

తుప్పు తను తిన్న ఉక్కు కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి రివెట్ల మధ్య ప్లేటు అలలా ఉబ్బుతుంది. స్కేలు నిలబెట్టి చూస్తే రెండు రివెట్ల నడుమ 3, 4 మి.మీ. వెలుతురు కనిపించిందంటే లోపల తుప్పు కిక్కిరిసి ఉన్నట్టే. తర్వాతి మెట్టులో రివెట్ తలలు తెగి ఎగిరిపోతాయి. బయటినుంచి రంగు వేసి ఈ ఉబ్బుని ఆపలేం. పైన కప్పేసిన రంగు లోపలి తడిని ఆరనివ్వదు కూడా.

గర్డర్ పై ఫ్లాంజ్ రెండో చోటు. స్లీపర్ కూర్చునేది దాని మీదే. రైలు వెళ్లిన ప్రతిసారీ స్లీపర్ కదిలి రంగుని రుద్దుతుంది. స్లీపర్‌ని పట్టి ఉంచే హుక్ బోల్టు ఫ్లాంజ్ అంచుని గీకుతుంది. స్లీపర్ కింద నీరు నిలుస్తుంది, దుమ్ము చేరుతుంది, ఆ దుమ్ము తడిని పట్టి ఉంచుతుంది. దీనికి తోడు పాత బోగీల మరుగుదొడ్లు నేరుగా పట్టాల మీదికే తెరుచుకునేవి. ఆ మురుగు రైలు పట్టా అడుగునీ, లైనర్లనీ, ఫ్లాంజ్‌నీ తినేది. 2016లో రామేశ్వరం–మానామదురై మార్గాన్ని దేశంలోనే మొదటి హరిత రైలు కారిడార్‌గా ప్రకటించి, అన్ని బోగీలకూ బయో టాయిలెట్లు పెట్టారు. పరిశుభ్రత పేరిట జరిగిన ఆ పని తుప్పు విషయంలోనూ పెద్ద మేలు చేసింది. దానికి అంత పేరు రాలేదు.

ఇక షెర్జర్ స్పాన్. దీని రెక్క ఒక ఇరుసు మీద తిరగదు. వంపు తిరిగిన గర్డర్ ఒకటి చదునైన ట్రాక్ మీద దొర్లుతూ వెనక్కి వెళ్తుంది, దాంతో రెక్క పైకి లేస్తుంది. దొర్లే రెండు ముఖాలకీ రంగు వేయలేం. వేసినా మొదటిసారి ఎత్తగానే పోతుంది. అక్కడ ఉన్న రక్షణ గ్రీజు ఒక్కటే. గ్రీజు ఉప్పుని, ఇసుకని పట్టుకుంటుంది. మొత్తం బరువంతా ఒక సన్నని గీత మీద మోపుతూ ఆ ముఖాలు దొర్లుతాయి కాబట్టి, గుంటలు పడిన చోట ఒత్తిడి ఇంకా పెరిగి పగుళ్లు మొదలవుతాయి. తుప్పు, అలసట (పదేపదే బరువు పడి లోహం బలహీనపడటం) రెండూ ఒకేచోట కలిస్తే విడివిడిగా వేసిన ఆయుష్షు లెక్కలు పనికిరావు. గుంట అడుగున పగులు పుడుతుంది, పగులులోకి ఉప్పునీరు వెళ్తుంది, పగులు పొడవు పెరుగుతుంది. 2018 డిసెంబర్‌లో ఈ స్పాన్‌లో లోపం బయటపడి రైళ్లు నెలల తరబడి ఆగాయి. నాలుగేళ్లకి శాశ్వతంగా ఆగాయి. మిగతా గర్డర్లను ఒక్కొక్కటిగా మార్చే వీలుంది, కదిలే స్పాన్‌ని అలా ముక్కలుగా మార్చడం కుదరదు. అందుకే మొత్తం వంతెన ఆయుష్షు దాని మీద ఆధారపడింది.

మళ్లీ రంగు వేసినా ఎందుకు నిలవదు

తీరంలో రంగు పని మూడేళ్లకే పొక్కులు తేలితే ముందు పెయింట్ కంపెనీని అంటారు. నూటికి ఎక్కువసార్లు తప్పు పెయింట్‌ది కాదు. గ్రిట్ బ్లాస్టింగ్, అంటే గట్టి రవ్వలను గాలి పీడనంతో కొట్టడం, తుప్పుని తీస్తుంది, ఉప్పుని పూర్తిగా తీయదు. తుప్పు గుంటల అడుగున ఐరన్ క్లోరైడ్ మిగిలిపోతుంది. కంటికి ఉక్కు వెండిలా మెరుస్తుంది, శుభ్రతకు కొలమానమైన ఎస్ఏ 2½ ఫోటోతో సరిపోలుతుంది, ఇన్‌స్పెక్టర్ సంతకం పెడతాడు. ఏ పెయింట్ పొర అయినా కొంత నీటి ఆవిరిని లోపలికి రానిస్తుంది. కింద ఉప్పు ఉంటే అది ఆ ఆవిరిని గుంజుకుని ద్రవంగా మారుతుంది, పొర పైకి ఉబ్బుతుంది. పొక్కు గిల్లితే లోపల నీళ్లు, కింద నల్లటి తుప్పు. గిల్లిన పొక్కులోని నీటికి వాహకత మీటర్ (ఉప్పు ఎక్కువైతే నీటిలో కరెంటు ఎక్కువ పారుతుంది, దాన్ని కొలిచేది) పెట్టి చూడండి, కారణం అక్కడే తేలిపోతుంది.

అందుకే బ్లాస్టింగ్ అయ్యాక ఉప్పు పరీక్ష తప్పనిసరి. బ్రెస్లే ప్యాచ్ అనే అంటించే చిన్న సంచి వాడతారు. దాని వైశాల్యం 12.5 చదరపు సెంటీమీటర్లు. 15 మి.లీ. శుద్ధజలం తీసుకుని, అందులోంచి కొంత సూదితో ఎక్కించి, కాసేపు లోపలికీ బయటికీ లాగి తోసి, బయటికి తీసి మిగతా నీటిలో కలిపి వాహకత చూస్తారు. ముందు ఉన్న వాహకతకూ తర్వాతదానికీ తేడాను 6తో గుణిస్తే చదరపు మీటరుకు ఉప్పు మిల్లీగ్రాముల్లో వస్తుంది. శుద్ధజలం సెంటీమీటరుకు 5 మైక్రోసీమెన్స్ చూపించి, పరీక్ష తర్వాత 17 చూపిస్తే, తేడా 12, ఉప్పు 72 మి.గ్రా. ఓడల బల్లాస్ట్ ట్యాంకులకు అంతర్జాతీయ పరిమితి 50. నార్వే సముద్ర చమురు వేదికల ప్రమాణం 20. పాంబన్ లాంటి చోట 20 మీద నిలబడమనే నా సలహా. కాంట్రాక్టర్ 50కి అలవాటుపడి ఉంటాడు కాబట్టి టెండర్‌లోనే అంకె రాయాలి, సైట్‌లో వాదించి లాభం లేదు. ప్యాచ్ అంటించే చోటు కూడా మనమే చూపించాలి: వెబ్ (గర్డర్ నిలువు పలక) నడిమధ్య కాదు, కింది ఫ్లాంజ్ అడుగున, పాత గుంటలు ఉన్నచోట.

ఉప్పు ఎక్కువ ఉంటే మంచినీళ్లతో అధిక పీడనం మీద కడగాలి, ఆరాక మళ్లీ బ్లాస్ట్ చేయాలి. కడిగే నీళ్ల దగ్గరే అసలు మోసం జరుగుతుంది. తీరప్రాంత బోరునీళ్లు తరచుగా ఉప్పగా ఉంటాయి. లీటరుకు 1,500 మి.గ్రా. కరిగిన లవణాలున్న నీటితో కడిగారనుకోండి. ఉక్కు మీద 50 మైక్రాన్ల నీటి పొర మిగిలి ఆరినా, అది చదరపు మీటరుకు 50 మి.లీ. నీరు, అంటే 75 మి.గ్రా. ఉప్పు. శుభ్రం చేద్దామని కడిగి, పరీక్షలో తప్పే స్థాయికి మనమే తెచ్చిపెట్టినట్టు అవుతుంది. ట్యాంకర్ వచ్చిన ప్రతిసారీ నీటికి మీటర్ పెట్టండి. వంతెన మీదికి మంచినీళ్లు చేర్చడం ఖర్చే, కాని ఆ ఖర్చు రంగు ఖర్చులో చిన్న భాగం.

గ్రిట్ విషయమూ ఇంతే. సముద్రపు ఇసుకని దగ్గరికి రానివ్వకూడదు. సిలికా దుమ్ము కార్మికుల ఊపిరితిత్తులను పాడుచేస్తుంది, ఇసుకలోని ఉప్పు ఉక్కులోకి దిగుతుంది. గార్నెట్ గ్రిట్ మంచిది. తమిళనాడు దక్షిణ తీరపు ఇసుకలోనూ, మన శ్రీకాకుళం తీరపు ఇసుకలోనూ గార్నెట్ ఉంది. అది సముద్రతీరం నుంచి వచ్చిన ఖనిజమే కాబట్టి మంచినీళ్లలో సరిగ్గా కడిగారో లేదో చూడాలి. గ్రిట్‌ని శుద్ధజలంలో కలిపి తీసిన ద్రావణం వాహకత ఒక మీటరు పొడవుకు 25 మిల్లీసీమెన్స్ దాటితే ఆ లాట్‌ని వెనక్కి పంపాలి. ఒకసారి వంతెన మీద వాడి కింద పడిన గ్రిట్‌ని ఊడ్చి మళ్లీ వాడటం ఇక్కడ కుదరదు. అది అప్పటికే ఉప్పు పీల్చుకుని ఉంటుంది.

మంచు బిందువు, అంటే గాలిలోని తేమ నీటిచుక్కలుగా మారే ఉష్ణోగ్రత, దాని లెక్క మూడో అడ్డంకి. ఉక్కు ఉష్ణోగ్రత మంచు బిందువు కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. గాలి 30 డిగ్రీలు, తేమ 85 శాతం ఉంటే మంచు బిందువు 27 డిగ్రీల పైచిలుకు. అంటే ఉక్కు 30 దాటితే తప్ప పని మొదలుపెట్టకూడదు. రాత్రి ఆకాశానికి తెరిచి ఉన్న ఉక్కు గాలి కన్నా చల్లబడుతుంది, తెల్లవారుజామున దాని మీద చెమట పడుతుంది. ఉదయం ఆరింటికే స్ప్రే మొదలుపెట్టే అలవాటు ఇక్కడ మానాలి. మధ్యాహ్నం ఎండ తగిలే ముఖం మరీ వేడెక్కితే పెయింట్ తుంపర గాలిలోనే ఆరి పొడిలా అంటుకుంటుంది. రోజులో నిజంగా పనికొచ్చేవి కొన్ని గంటలే. ఎంత బ్లాస్ట్ చేయాలన్నది ఆ గంటల్లో ఎంత కప్పగలం అన్నదాన్ని బట్టి నిర్ణయించాలి. బ్లాస్ట్ చేసిన నాలుగు గంటల్లోపు మొదటి పొర పడాలని సాధారణ నియమం. సముద్రం మీద నాలుగు గంటలు కూడా ఎక్కువే. రంగు మారడం కనిపిస్తే గడియారం చూడకుండా మళ్లీ బ్లాస్ట్ చేయాలి.

కొత్త వంతెన ఏం ఎంచుకుంది

కొత్తదాన్ని రైల్ వికాస్ నిగమ్ రూ.550 కోట్లకు పైగా ఖర్చుతో కట్టింది. 18.3 మీటర్ల స్పాన్లు 99, మధ్యలో 72.5 మీటర్ల లిఫ్ట్ స్పాన్. ఆ లిఫ్ట్ స్పాన్ మొత్తంగా 17 మీటర్లు నిట్టనిలువుగా పైకి లేస్తుంది. దొర్లే ముఖం అనే సమస్య ఇక్కడ లేదు. స్పాన్ల సంఖ్య తగ్గింది కాబట్టి బేరింగులు, ఎక్స్‌పాన్షన్ సందులు కూడా తగ్గాయి. జాయింట్లు పూర్తిగా వెల్డింగ్. పాత కట్టడం జబ్బు రివెట్ల సందుల్లోనే ఉంది కనుక, ఈ మొత్తం ప్రాజెక్టులో తుప్పు మీద తీసుకున్న అతి ముఖ్యమైన నిర్ణయం వెల్డింగేనని నేను అనుకుంటాను. పేపర్లలో ఎక్కువ రాసింది మాత్రం పాలీసిలోక్సేన్ పెయింట్ గురించి.

పూత వివరం ఇదీ: 200 మైక్రాన్ల జింక్ మెటలైజింగ్ (కరిగించిన జింక్‌ని ఉక్కు మీద చల్లడం), దాని మీద 25 మైక్రాన్ల ఎపాక్సీ సీలర్, ఆపైన 125 మైక్రాన్ల పాలీసిలోక్సేన్. నిర్వహణ అవసరం లేకుండా 35 ఏళ్లు నిలుస్తుందని అధికారులు చెప్పారు.

ఈ అంకెను ఐఎస్ఓ 9223తో సరిచూద్దాం. సీ5 వాతావరణంలో జింక్ మొదటి ఏడాది 4.2 నుంచి 8.4 మైక్రాన్లు అరుగుతుంది. ఆ వేగం అలాగే ఉంటే 200 మైక్రాన్ల ఒట్టి జింక్ సుమారు 24 నుంచి 48 ఏళ్లు వస్తుంది. సీఎక్స్ వర్గంలో అరుగుదల 25 మైక్రాన్ల దాకా వెళ్లగలదు. అక్కడ 8 ఏళ్లకే అయిపోతుంది. పైన సీలర్, పెయింట్ చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం జింక్ అరగడం మొదలే కాదు. జింక్, పెయింట్ కలిపి వేస్తే వాటి విడివిడి ఆయుష్షుల మొత్తం కన్నా ఎక్కువ కాలం వస్తుంది. కాబట్టి 35 అసాధ్యం కాదు. కాని అది చదునైన వెబ్ ప్లేటుకి వర్తించే అంకె. పూత 350 మైక్రాన్లు ఉన్నచోటికి వర్తిస్తుంది, అంచు మీద పలచబడిన చోటికి వర్తించదు. 2024 నవంబర్‌లో వంతెనను పరిశీలించిన రైల్వే భద్రతా కమిషనర్ నివేదిక అప్పటికే తుప్పు మొదలైన గుర్తుల గురించీ, తుప్పు నివారణ చర్యల గురించీ ఆందోళన తెలిపింది. రైళ్లు మొదలుకాకముందే ఆ మాట రాయడం మంచిదైంది. నిర్వహణ అవసరం లేదన్న మాట విని బడ్జెట్ కత్తిరించేవాళ్లకి ఆ నివేదికే జవాబు.

ఈ పూత వేసేటప్పుడు లెక్కలు ఇలా ఉంటాయి. జింక్ సాంద్రత 7.1. 200 మైక్రాన్లంటే చదరపు మీటరుకు దాదాపు 1.4 కేజీ జింక్ ఉక్కు మీద నిలవాలి. జింక్ తీగని విద్యుత్తుతో కరిగించి చల్లే ఆర్క్ స్ప్రేలో మూడోవంతు గాలికి పోతుందనుకుంటే రెండు కేజీలకు పైగా తీగ కావాలి. స్టోర్‌లో తీగ చుట్టలు ఎన్ని ఖాళీ అయ్యాయో చూస్తే మందం రిపోర్టు నిజమో కాదో తెలుస్తుంది. పెయింట్ మందం మీటర్ రీడింగులను సర్దేయవచ్చు, తీగ బరువుని సర్దడం కష్టం.

మెటలైజింగ్‌కి ఉక్కు ముఖం గరుకుగా, 75 నుంచి 100 మైక్రాన్ల లోతుతో, పదునైన కోణాలతో ఉండాలి. ఉండ్రాళ్లలాంటి గుండ్రని షాట్ వాడితే జింక్ పట్టు దొరక్క రేకులా లేస్తుంది. స్ప్రే చేసిన జింక్‌లో సన్నని రంధ్రాలు ఉంటాయి. సీలర్‌ని బాగా పలుచన చేసి, ముందు పొగమంచులా ఒక పూత కొట్టి, రంధ్రాల్లోని గాలి బయటికి పోయాక నిండు పూత వేయాలి. ఈ మెట్టు దాటేసి నేరుగా మందపు పెయింట్ కొడితే లోపలి గాలి బుడగలై పైకి వచ్చి సూదిమొన రంధ్రాలు వదులుతుంది. సీలర్ ఆలస్యమైతే ఇంకో ప్రమాదం: ఉప్పు గాలికి జింక్ మీద తెల్లటి పొడి పడుతుంది. దాని మీద వేసిన పెయింట్ జింక్‌ని పట్టుకోదు, పొడిని పట్టుకుంటుంది. మెటలైజింగ్, సీలర్ ఒకే రోజు పూర్తి కావాలి. ఇదంతా షెడ్డులో జరగాలి. సముద్రం మీద చేయాల్సింది సైట్ జాయింట్లు, దెబ్బతిన్న చోట్ల మరమ్మతు మాత్రమే.

అంచుల సంగతి వేరుగా చెప్పాలి. తడి పెయింట్ పదునైన అంచు నుంచి వెనక్కి జారుతుంది. ప్లేటు మీద 125 మైక్రాన్లు ఉన్నప్పుడు కోసిన అంచు మీద అందులో సగం కూడా ఉండకపోవచ్చు. గ్యాస్ కటింగ్ అంచుని గ్రైండర్‌తో కనీసం 2 మి.మీ. వ్యాసార్ధానికి గుండ్రం చేయాలి. ప్రతి కోటుకీ ముందు అంచులు, వెల్డ్ గీతలు, రంధ్రాలు, బోల్టు తలల చుట్టూ బ్రష్‌తో విడిగా ఒక పూత వేయాలి. రోలర్‌తో వేస్తే సందుల్లోకి దిగదు. వెల్డ్ పక్కన చిట్లిన చుక్కలను ఉలితో తీసేయాలి, ఒక్కో చుక్కా పూతలోంచి పొడుచుకొచ్చిన ముల్లే. ఈ పనులకి కొలతల పుస్తకంలో విడిగా ఐటెం లేకపోతే కాంట్రాక్టర్ చేయడు. అది అతని తప్పని నేను అనను. ఐటెం పెట్టి డబ్బు ఇవ్వాలి.

కాంక్రీటు, కమ్మీలు

కాంక్రీటు స్తంభాల్లో తుప్పుకి ఎక్కువ ఇష్టమైన చోటు నీటి అడుగు కాదు. తడిసి ఆరుతూ ఉండే భాగం, అంటే అలలు కొట్టే ఎత్తు. ప్రతిసారీ తడిసినప్పుడు ఉప్పు లోపలికి వెళ్తుంది, ఆరినప్పుడు నీరు పోయి ఉప్పు మిగులుతుంది. కొత్త వంతెనలో స్టెయిన్‌లెస్ కమ్మీలు వాడారు. ఐఎస్ 16651 ఇలాంటి కమ్మీల ప్రమాణం. మామూలు కమ్మీ ఓర్చుకోలేనంత క్లోరైడ్‌ని ఇవి ఓర్చుకుంటాయి. ధర కొన్ని రెట్లు ఎక్కువ. చిన్న ప్రాజెక్టుల్లో అంతటా పెట్టలేకపోతే అలలు కొట్టే ఎత్తులో బయటి వరుసకైనా పెట్టుకోవచ్చు.

స్టెయిన్‌లెస్ అందుబాటులో లేనివాళ్లకి కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెప్పే అతి తీవ్ర (ఎక్స్‌ట్రీమ్) పరిస్థితుల నియమాలే ఆధారం: ఎం40 గ్రేడ్, నీరు–సిమెంటు నిష్పత్తి 0.40కి మించకుండా, కనీసం 360 కేజీల సిమెంటు, 75 మి.మీ. కవర్ (కమ్మీ మీద కాంక్రీటు మందం). స్లాగ్ (ఇనుప కొలిమిలో మిగిలే చిట్టెం) కలిసిన సిమెంటు క్లోరైడ్‌ని బాగా అడ్డుకుంటుంది. విశాఖ ఉక్కు కర్మాగారం స్లాగ్ దగ్గరే ఉన్న మన తీరంలో దీన్ని వాడకపోవడానికి కారణం లేదు. దానికి క్యూరింగ్ ఎక్కువ రోజులు కావాలి, అదీ మంచినీళ్లతోనే. కాగితం మీద 75 రాసి, రాతిముక్కలు పెట్టి కవర్ నిలబెడితే, కమ్మీ ఎక్కడో 40కి జారుతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. కవర్ బ్లాకులు అదే గ్రేడ్ కాంక్రీటుతో పోసుకోవాలి. బైండింగ్ వైరు కొనలు బయటివైపు చూడకుండా లోపలికి వంచాలి. షట్టరింగ్‌ని తాకుతున్న ఒక్క కొన చాలు, తుప్పు నీరు కారిన చార బయటపడటానికి.

పెచ్చులు ఊడిన చోట మాత్రమే చెక్కి కొత్త మోర్టార్ నింపే మరమ్మతు ఎందుకు నిలవదో కూడా తెలుసుకోవాలి. తుప్పు పట్టిన ముక్క ఆనోడ్‌గా ఉన్నంతకాలం పక్కనున్న కమ్మీని అదే కాపాడుతూ ఉంటుంది. మనం దాన్ని శుభ్రం చేసి కొత్త మోర్టార్‌లో పెట్టగానే ఆ రక్షణ పోతుంది. పక్క కాంక్రీటులో అప్పటికే ఉప్పు ఉంటుంది కాబట్టి తుప్పు ప్యాచ్ అంచునే కొత్తగా మొదలవుతుంది. చెక్కేముందు హాఫ్ సెల్ పరీక్షతో (లోపలి కమ్మీ వోల్టేజీని బట్టి తుప్పుని పట్టే పరీక్ష) మొత్తం ముఖాన్ని గళ్లుగా కొలవాలి. కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌తో మైనస్ 350 మిల్లీవోల్టుల కన్నా రుణాత్మకంగా ఉన్న గళ్లన్నీ, పైకి బాగున్నా, మరమ్మతులో చేర్చాలి. కమ్మీ వెనక 20, 25 మి.మీ. దాకా చెక్కాలి. ప్యాచ్ అంచున కమ్మీకి జింక్ ఆనోడ్ దిమ్మలు కట్టాలి.

లిఫ్ట్ స్పాన్ మీద కన్ను

కొత్త వంతెనలో ఇకపై బలహీనమైన చోట్లు గర్డర్లు కావని నా అంచనా. లిఫ్ట్ స్పాన్‌ని ఎత్తే తీగతాళ్లు, వాటి పుల్లీలు, బేరింగులు, మోటార్లు, ప్యానెళ్ల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. తీగతాడు బయట గ్రీజుతో నల్లగా మెరుస్తూ లోపలి తీగలు తెగి ఉండొచ్చు. తాడు ఎక్కువకాలం ఒకేచోట ఆగి ఉంటుంది కాబట్టి, పుల్లీ మీద వంగి నిలిచిన ఆ భాగాన్నే ముందు చూడాలి. అక్కడ గ్రీజు తుడిచి, గుడ్డ చుట్టి తాడు వెంట లాగితే తెగిన తీగ గుడ్డని పట్టుకుంటుంది. తాడు వ్యాసాన్ని క్యాలిపర్‌తో ప్రతిసారీ అదే గుర్తు దగ్గర కొలిచి రాసుకోవాలి. తీగల నడుమ నుంచి ఎర్రటి పొడి రాలుతుంటే లోపల తుప్పు ఉన్నట్టే, పైన ఇంకో పూత గ్రీజు రాస్తే ఆ సాక్ష్యం కూడా కనిపించకుండా పోతుంది.

కరెంటు ప్యానెళ్లకు దుమ్ము, నీళ్లు చొరబడని ఐపీ66 పెట్టె ఒక్కటే చాలదు. పగలు వేడెక్కి గాలి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి ఉప్పు గాలి గ్లాండ్ల (కేబుల్ దూరే బిగింపుల) గుండా లోపలికి వస్తుంది. స్పేస్ హీటర్ రాత్రంతా వెలుగుతూ ఉండాలి. దాని సరఫరాని మెయిన్ స్విచ్‌కి ముందు నుంచే తీసుకోవాలి, లేకపోతే మెయిన్ ఆపినప్పుడల్లా హీటరూ ఆగిపోతుంది. లగ్గులు (వైరు కొనకు పెట్టే తొడుగులు) టిన్ పూత ఉన్న రాగివి కావాలి, వాడని గ్లాండు రంధ్రాలకు ప్లగ్గులు బిగించి ఉండాలి. బోల్టులు, హింజీలు, గొళ్లేలు స్టెయిన్‌లెస్ 316వి పెట్టాలి, 304కి ఈ గాలిలో కొద్ది నెలల్లోనే గోధుమరంగు మచ్చలు, వాటి కింద గుంటలు పడతాయి. స్టెయిన్‌లెస్ బోల్టుని మామూలు ఉక్కు ప్లేటులో వాడటంలో పెద్ద ప్రమాదం లేదు, ఎందుకంటే ప్లేటు పెద్దది, బోల్టు చిన్నది. పెద్ద స్టెయిన్‌లెస్ ప్లేటుని మామూలు బోల్టుతో బిగిస్తే మాత్రం ఆ బోల్టు ముందు పోతుంది.

కడగడం ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలి: ఈశాన్య రుతుపవనాలు వెళ్లిపోయాక ఒకసారి, నైరుతి గాలులు తగ్గాక ఒకసారి. కింది ఫ్లాంజ్ అడుగు, బేరింగుల చుట్టూ, స్టిఫెనర్ల మూలలు, వాన చేరని ప్రతి ముఖం ఆ పనిలో రావాలి. నీటికి మీటర్ పెట్టి, అంకె రిజిస్టర్‌లో రాశాకే పంపు నడపాలి. కడిగిన మరుసటి రోజే తనిఖీ చేస్తే దుమ్ము కింద దాగిన సూదిమొన తుప్పు చుక్కలు స్పష్టంగా కనిపిస్తాయి. చుక్క చూసిన చోట సుద్దతో గుండ్రం గీసి, గర్డర్ నంబర్, ముఖం, ఎంత దూరంలో ఉందో రాసి, ఆ పొడి కాలంలోనే బ్లాస్ట్, ఉప్పు పరీక్ష, జింక్ ఎక్కువున్న ఎపాక్సీ ప్రైమర్, ఆపై పాలీసిలోక్సేన్ వరుసలో సరిచేయాలి. తర్వాతి వానాకాలం దాటిందంటే చుక్క అరచేయంత అవుతుంది, చుట్టూ ఉన్న మంచి పూతని కూడా కత్తిరించి తీయాల్సి వస్తుంది.